అమ్మ లేసు సంచి తీసుకుని లైబ్రరీకి వెళ్లండి

ప్రశ్న: అమ్మకు 61 ఏళ్లు. నాన్న పోయాక నరసాపురం దగ్గర మా ఊరి నుంచి న్యూజెర్సీకి, మా ఇంటికి ఆరు నెలలు ఉండేలా తీసుకొచ్చాను. పగలంతా మేమిద్దరం ఆఫీసుల్లో ఉంటాం. అమ్మకు ఇంగ్లిష్ రాదు. ‘జైల్లో ఉన్నట్టుంది, పంపించెయ్’ అని ఏడుస్తోంది. నేనేం తక్కువ చేశాను?

జవాబు: మీరేమీ తక్కువ చేయలేదమ్మా. ఊళ్లో అరుగు మీద కూర్చుంటే వచ్చేపోయేవాళ్లంతా పలకరించేవారు. ఆ లోటు కూతురొక్కతే తీర్చగలిగేది కాదు. ‘ఇంట్లో అన్నీ ఉన్నాయి కదా’ అని మాత్రం అనకండి, ఆ మాటకు ఆవిడ ఇంకా ముడుచుకుపోతారు.

అమ్మకు లేసు అల్లడం వచ్చా? మీ వైపు ఆ వయసు ఆడవాళ్లలో చాలామందికి వచ్చు. 2024లో నరసాపురం లేసుకు జీఐ ట్యాగ్ (ఆ ప్రాంతపు ప్రత్యేకత అని ప్రభుత్వమిచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. అల్లడం వస్తే గనక, ఈ శనివారం ఆమెను న్యూజెర్సీలో మీరుంటున్న ఊరి పబ్లిక్ లైబ్రరీకి తీసుకెళ్లండి. పుస్తకాల కోసం కాదు. అక్కడ చాలా లైబ్రరీల్లో అల్లికలు చేసేవాళ్లు వారానికో, నెలకో ఒకసారి కలిసి కూర్చుంటారు. కొన్నిచోట్ల ఆసుపత్రిలో పుట్టిన పసిపిల్లలకు టోపీలు అల్లి పంపుతారు. అమ్మ సగం అల్లిన లేసు ముక్క, సూది, దారపు ఉండ సంచిలో పెట్టుకెళ్లండి. పక్కావిడ ఆ ముక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూస్తే చాలు, భాష రాకపోయినా పరిచయం మొదలవుతుంది. మొదటి రెండుసార్లు మీరూ పక్కనే ఉండండి.

కౌంటర్ దగ్గర లైబ్రేరియన్‌ను మొహమాటపడకుండా అడగండి: ‘మా అమ్మ కొత్తగా వచ్చింది, ఇంగ్లిష్ రాదు. పగటిపూట ఎక్కడికి వెళ్లొచ్చు?’ ఇలాంటివి చెప్పడం వాళ్ల ఉద్యోగంలో భాగమే. సీనియర్ సెంటర్ (పెద్దవాళ్లు పగటిపూట కలిసి గడిపే చోటు), ఇంగ్లిష్ మాట్లాడటం నేర్పే ఉచిత క్లాసులు, దగ్గర్లోని భారతీయ సంఘాలు, పెద్దవాళ్లను తీసుకెళ్లే వ్యాన్ ఉందా లేదా, దేనికి ఎవరిని కలవాలో చెబుతారు. నోటీసు బోర్డు కూడా చూడండి. కార్యక్రమాల్లో కూర్చోవడానికి సాధారణంగా వీసా సంగతి అడగరు. లైబ్రరీ కార్డు మీ పేరు మీద తీసుకుంటే సరిపోతుంది. ఇలాంటి వివరాల కోసం అక్కడి సహాయ సమాచార నంబరు 211కు ఫోన్ కూడా చేయొచ్చు.

నిద్ర, తిండి బాగా తగ్గిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌కు చూపించండి.

ఒక నెల ఇలా ప్రయత్నించాక కూడా వెళ్లిపోతానంటే, కోపం తెచ్చుకోకుండా, ఆరు నెలలు ఆగకుండా ముందే వెళ్లేలా తిరుగు టికెట్ మార్పించండి. నాన్నతో కాపురం చేసిన ఇంట్లోనే ఉండాలని ఆమెకు అనిపిస్తుండొచ్చు.