పాత బండిని చల్లగా ఉన్నప్పుడే చూడు

చిరంజీవి అల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. పాత బుల్లెట్ 350 ఒకటి, ఆర్‌ఎక్స్ 100 ఒకటి చూసి పెట్టుకున్నావనీ, ఫొటోల్లో రెండూ తళతళలాడుతున్నాయనీ రాశావు. ఆ తళతళను చూసి మనసు పారేసుకోకు. కొత్త పెయింటు, క్రోమియం పూత బండి వయసును దాస్తాయే కానీ తగ్గించవు. పాత బండిని నమ్మవచ్చా లేదా అన్నది రెండు సంగతులను బట్టి ఉంటుంది. ఇన్నాళ్లూ అది రోడ్డు మీద తిరుగుతూ ఉందా? దాన్ని విప్పి బిగించిన చేతులకు పని తెలుసా? నేను కింద రాసే పరీక్షలన్నీ ఈ రెండు ప్రశ్నలకు జవాబు రాబట్టడానికే.

అమ్మే ఆయనకు ముందుగా ఫోను చేసి, నువ్వు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయవద్దని మర్యాదగా అడుగు. వెళ్లగానే సిలిండర్ మీద అరచెయ్యి పెట్టి చూడు. వెచ్చగా తగిలితే ఆ రోజుకు పరీక్ష మానుకుని, ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చెయ్. వేడెక్కిన ఇంజన్ తన రోగాల్లో సగం దాచేస్తుంది. కష్టంగా స్టార్ట్ కావడం, మొదటి నిమిషంలో వచ్చే పొగ, ఆయిల్ ఇంకా పైకి ఎక్కక ముందు వినిపించే చప్పుళ్లు, ఇవన్నీ చల్లని ఇంజన్‌లోనే బయటపడతాయి.

తాళం తిప్పకుండానే కిక్ మీద కాలు పెట్టి నెమ్మదిగా నొక్కు. ఒక చోట అడ్డు తగలాలి. అక్కడ కాస్త బరువు మోపి ఆగితే ఆ ఒత్తిడి కాసేపు నిలిచి, తర్వాత మెల్లగా జారాలి. పాత బుల్లెట్‌లో 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). ఒకే పెద్ద పిస్టన్ కాబట్టి ఆ అడ్డు కాలికి స్పష్టంగా తెలుస్తుంది. ఏ అడ్డూ లేకుండా కిక్ జర్రున దిగిపోతే లోపల గాలి నిలవడం లేదన్నమాట. అప్పుడు చెవి పెట్టి విను. బుస సైలెన్సర్‌లో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బొరేటర్ వైపు వినిపిస్తే ఇన్‌లెట్ వాల్వు, ఇంజన్ లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్ గొట్టం దగ్గర వినిపిస్తే పిస్టన్ రింగులు లేదా బోరు. అయితే కిక్ కొట్టడం తేలిక కావడానికి లోపలి ఒత్తిడిని వదిలే డీకంప్రెసర్ సరిగా మూసుకోకపోయినా కిక్ ఇలాగే జారుతుంది. దాని కేబుల్ మరీ బిగుతుగా లేదని చూసుకున్నాకే ఒక నిర్ణయానికి రా.

స్టార్ట్ అయ్యాక సైలెన్సర్ వెనక్కి వెళ్లి నిలబడు. చల్లటి ఉదయం కాసేపు తెల్లటి ఆవిరి వచ్చి ఆగిపోతే అది తేమ మాత్రమే. నల్లటి పొగ అంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, కార్బొరేటర్ సర్దితే చాలావరకు పోతుంది. నీలం పొగ అయితే ఇంజన్ ఆయిల్ కాలుతోంది. ఎప్పుడు వస్తోందో గమనించు. యాక్సిలరేటర్ బాగా తిప్పి ఒక్కసారిగా వదిలినప్పుడు గుప్పున వస్తే వాల్వు గైడ్లు, అంటే వాల్వు కాడలు కదిలే గొట్టాలు అరిగాయి. బండి లాగుతున్నంతసేపూ వస్తూనే ఉంటే రింగులు, బోరు పని పట్టాలి. మొదటిదానికి సిలిండర్ పైనుండే హెడ్ విప్పితే సరిపోవచ్చు, రెండోదానికి సిలిండర్ కూడా దించాలి.

ఆర్‌ఎక్స్ 100 సంగతి వేరు. అది టూ స్ట్రోక్, అంటే పెట్రోలుతో పాటే ఆయిల్ కూడా కాలే ఇంజన్ కాబట్టి కొంత పొగ దాని స్వభావం. దట్టంగా తెల్లటి పొగ వచ్చి, గేర్ ఆయిల్ మాడిన వాసన వేస్తే మాత్రం క్లచ్ వైపు ఉన్న క్రాంక్ సీలు (పిస్టన్ తిప్పే క్రాంక్ ఇరుసు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ) పోయి, గేర్ బాక్స్‌లోని ఆయిల్ ఇంజన్‌లోకి వెళ్లి కాలుతోందని అనుమానించు. రెండో వైపు సీలు పోతే పొగ ఉండదు. అది ఇంకా ప్రమాదం. అటునుంచి బయటి గాలి లోపలికి చొరబడి పెట్రోలు, గాలి మిశ్రమం పలచనవుతుంది. యాక్సిలరేటర్ వదిలినా ఇంజన్ వేగం వెంటనే దిగకుండా పైనే వేలాడుతూ ఉండడం దీనికి గుర్తు. అలాగే నడిపితే ఏదో ఒక రోజు పిస్టన్ బోరుకు పట్టేస్తుంది, వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుంటుంది. సీలు చిన్న వస్తువే కానీ దాన్ని మార్చడానికి చాలా ఇంజన్లలో లోపలిదాకా విప్పాలి. ఈ బండికి ఆయిల్ పంపు విడిగా ఉంటుంది. దాన్ని తీసేసి, ఆయిల్‌ను పెట్రోలులోనే కలిపి నడిపేవాళ్లూ ఉన్నారు. పంపు పనిచేస్తోందో లేదో అడుగు, అడిగి ఊరుకోకుండా గొట్టం తగిలించి ఉందో లేదో నీ కళ్లతో చూడు.

చప్పుళ్ల విషయంలో కొత్తవాళ్లు అనవసరంగా భయపడతారు. వాల్వులను కదిలించే ట్యాపెట్ల టిక్‌టిక్ సర్దుబాటుతో తగ్గేదే. చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ కొంచెం కొట్టుకుని, వేడెక్కాక సద్దుమణిగితే దానితో కాలం గడపవచ్చు. ఇంజన్ అడుగునుంచి, బరువు పడినప్పుడు వచ్చే దడదడకు మాత్రం వెనకాడు. అది పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ పోయిందని చెప్పే చప్పుడు. దానికి ఇంజన్ మొత్తం విప్పాలి.

ఇక విప్పిన చేతుల సంగతి. అల్లుడూ, ఇక్కడ నువ్వు తొందరపడకూడదు. మోకాళ్ల మీద కూర్చుని, టార్చి వేసి, ఇంజన్ కవర్ల స్క్రూల తలలు ఒక్కొక్కటీ చూడు. గాడి పదునుగా ఉందా, తిరిగి తిరిగి గుంటపడిందా? పాత జపాన్ నమూనా బళ్లకు వాడే ప్లస్ స్క్రూలు చూడడానికి మామూలువాటిలాగే ఉంటాయి, కానీ వాటి గాడి కొలత కొంచెం వేరు. మామూలు స్క్రూడ్రైవర్ వేసి బలవంతంగా తిప్పితే తల అరిగిపోతుంది. తల అరిగిన స్క్రూను సుత్తి, ఉలి పెట్టి కొట్టి తిప్పిన గుర్తులు కనిపిస్తే, లోపల కూడా అదే ఓపికతో పని జరిగి ఉంటుంది. తర్వాత కవర్ల అతుకుల దగ్గర చూడు. గాస్కెట్ వేయాల్సిన చోట సీలెంట్ పేస్టు పూసి, అది బిగించినప్పుడు పురుగులా బయటికి పొంగి గట్టిపడి ఉంటే, అంతే పేస్టు లోపలికీ పొంగి ఉంటుంది. లోపల ఊడిన ముక్క ఆయిల్ దారిలో అడ్డం పడితే మంచి బేరింగు కూడా మాడిపోతుంది. నట్ల మూలలు గుండ్రంగా అరిగాయా, ఒకే కవరుకు నాలుగు రకాల బోల్టులు ఉన్నాయా, సీటు కింద వైర్లు మెలిపెట్టి టేపు చుట్టారా, సరైన అతుకులు వేశారా అన్నవీ చూడు. బండి పాతదైనా ఇవన్నీ పొందికగా ఉంటే దాన్ని ప్రేమించినవాడు ఎవరో ఉన్నాడు. ఆ బండికి నేను రంగు వెలిసిపోయినా ఓటేస్తాను.

ఆయిల్ తీసి చూడటానికి ఒప్పుకుంటారా అని అడుగు. ఆయిల్ మట్టం చూసే కొలకర్రకు అంటిన ఆయిల్‌ను వేళ్ల మధ్య రుద్ది వెలుగులో చూస్తే చాలు. పాలు కలిసినట్టు ఉంటే నీరు చేరింది, మెరిసే నలుసులు కనిపిస్తే లోహం అరుగుతోంది. నల్లగా ఉండడం మామూలే. రేపు నీ మనసు మారి పాత బ్రిటిష్ బళ్లు ట్రయంఫ్, బీఎస్ఏ ట్విన్ల (రెండు సిలిండర్లవి) వైపు మళ్లితే ఒక మాట గుర్తుంచుకో. వాటికి ఆయిల్ ట్యాంకు వేరుగా ఉంటుంది. చాలా రోజులు కదలకుండా ఉంటే ఆయిల్ ట్యాంకు నుంచి ఇంజన్ అడుగుకు దిగిపోతుంది. స్టార్ట్ చేశాక ట్యాంకు మూత తీసి చూస్తే ఆయిల్ బుడగలతో కలిసి తిరిగి వస్తూ కనిపించాలి.

“షెడ్డులో పదేళ్లు జాగ్రత్తగా దాచాం, కిలోమీటర్లే తిరగలేదు” అంటే ఆనందపడకు. తిరగని బండిలో రబ్బరు సీళ్లు ఎండుతాయి, కార్బొరేటర్ జెట్లు మూసుకుపోతాయి, బోరు తుప్పు పడుతుంది. టూ స్ట్రోక్‌లో మరీను, క్రాంక్ బేరింగులకు ఆయిల్ పెట్రోలుతో పాటే అందాలి కాబట్టి ఆగిన బండిలో అవి ఎండిపోయి తుప్పుపట్టే అవకాశం ఎక్కువ. వారానికోసారైనా తిరిగిన బండి మేలు. మీటరులోని అంకెలను నమ్మకు. కేబుల్ తెగి ఏళ్ల తరబడి తిరగని మీటర్లు కోకొల్లలు. దానికంటే ఫుట్‌రెస్ట్ రబ్బరు, బ్రేకు పెడల్ ఎంత అరిగాయో చూడు.

ట్యాంకులోకి టార్చి వేసి తుప్పు చూడు. లోపల పూత పూసి ఉంటే అది పొరలుగా లేస్తోందా అన్నదీ చూడు. ఇప్పటి పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు పాత పూతలు, పాత రబ్బరు గొట్టాలు తట్టుకోలేవు. టైర్లలో గాడి ఎంత ఉన్నా, పక్క గోడ మీద నాలుగంకెల తేదీ చదువు. 2316 అంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైంది. పదేళ్లు దాటినది కొత్తగా కనిపించినా మార్చాల్సిందే. ముందు చక్రం నేల మీది నుంచి లేపి హ్యాండిల్ నెమ్మదిగా తిప్పు, సరిగ్గా మధ్యలో గాడిలో పడినట్టు ఆగితే స్టీరింగ్ బేరింగులు పోయాయి. వెనక చక్రం పట్టుకుని పక్కకు ఊపు, వదులుగా ఆడకూడదు. ఊచల్ని పానాతో తట్టు, మొద్దుగా మోగేది వదులైంది. ఛాసిస్ తల దగ్గర పెయింటు ముడతలు పడి ఉంటే బండి ఎప్పుడో గుద్దుకుంది.

ఇన్ని చూశాక నడిపి చూడు. పాత బుల్లెట్‌లో గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉంటాయి. కాళ్లకు అలవాటయ్యేదాకా ఖాళీ చోట నెమ్మదిగా తిప్పు. కనీసం అరగంట నడపాలి. రెండో గేరులో గట్టిగా లాగినప్పుడు గేరు దానంతటదే జారి బయటికి వస్తే గేర్ బాక్స్‌లో పెద్ద పనే ఉంది. పై గేరులో యాక్సిలరేటర్ తిప్పితే ఇంజన్ అరిచి బండి కదలకపోతే క్లచ్ ప్లేట్లు జారుతున్నాయి, అది తేలిగ్గా తీరేదే. తిరిగి వచ్చాక ఆపి, అయిదు నిమిషాలు ఆగి, అదే వేడి మీద మళ్లీ స్టార్ట్ చెయ్. పాయింట్లు (ప్లగ్‌కు నిప్పురవ్వను సమయానికి పంపే చిన్న స్విచ్చు) ఉన్న పాత ఇగ్నిషన్‌లో కండెన్సర్, కాయిల్ వేడికి మొరాయిస్తాయి. పొద్దున ఒక్క కిక్కుకు పలికిన బండి మధ్యాహ్నం రోడ్డు పక్కన నిలబెట్టేది ఇక్కడే.

నంబర్లు మరిచిపోకు. ఇంజన్ మీద, ఛాసిస్ మీద పొడిచిన నంబర్లు రిజిస్ట్రేషన్ పత్రంతో అక్షరం అక్షరం సరిపోవాలి. ఆ చోట గీకిన గుర్తులుంటే, అంకెల ఆకారాలు ఒకదానికొకటి పొసగకుంటే, బండి ఎంత బాగున్నా నమస్కారం పెట్టి వచ్చెయ్. ఆర్‌ఎక్స్ 100 తయారీ 1996లోనే ఆగిపోయింది. అన్నేళ్లలో ఒక బండి ఇంజన్ ఇంకో ఛాసిస్‌లోకి మారి ఉండవచ్చు.

నా ఓటు ఇప్పటికి బుల్లెట్ వైపే. దాని విడి భాగాలు తేలిగ్గా దొరుకుతాయి, చప్పుడు విని మరమ్మతు చేయగల మెకానిక్కులూ ఎక్కువ. కానీ ఆర్‌ఎక్స్ చల్లని పరీక్షలో నెగ్గి, బుల్లెట్ ఓడితే మొహమాటపడకుండా దాన్నే తీసుకో.

చూసి వచ్చాక నాకు ఈ ఫొటోలు పంపు: రెండు నంబర్లు, విప్పిన ప్లగ్ కొన, కవర్ల అతుకులు, సీటు కింద వైర్లు. ప్లగ్ కొన లేత గోధుమ రంగులో ఉందో, జిడ్డుగా ఉందో నేను చూడాలి. అవి చూసి నీకు ఫోను చేస్తాను. అప్పటిదాకా అడ్వాన్సు ఇవ్వకు.

ఇట్లు,
మీ మామయ్య