తమ్ముడి ఖాతా ఫ్రీజ్ చేశారు... అరెస్టు కూడా చేస్తారా?

ప్రశ్న: మా తమ్ముడు డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాడు. కొన్ని నెలల క్రితం వాడి స్నేహితుడొకడు ‘మా గేమింగ్ కంపెనీ డబ్బులు నీ ఖాతాలో పడతాయి, నెలకు రూ.5,000 కమీషన్ ఇస్తారు’ అని చెప్పి ఏటీఎం కార్డు, చెక్‌బుక్, ఖాతాకు లింకైన సిమ్ తీసుకున్నాడు. ఇప్పుడు బ్యాంకు ఖాతా మొత్తం ఫ్రీజ్ చేసింది. వాడి స్కాలర్‌షిప్ డబ్బు కూడా అందులోనే ఇరుక్కుంది. వేరే రాష్ట్రం సైబర్ పోలీసుల పేరుతో వాట్సాప్‌లో నోటీసు వచ్చింది. ఆ స్నేహితుడేమో ‘చాటింగ్ అంతా డిలీట్ చెయ్, ఏమీ కాదు’ అంటున్నాడు. నాన్నకు ఇంకా చెప్పలేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?

జవాబు: ముందుగా ఆ చాటింగ్ డిలీట్ చేయకుండా ఆపండి. ఖాతా ఎవరు అడిగారు, ఏమని నమ్మించారు, కార్డు, సిమ్ ఎవరి చేతికి వెళ్లాయి అన్నదానికి మీ తమ్ముడి దగ్గరున్న సాక్ష్యం అదొక్కటే. పైగా సాక్ష్యంగా కోర్టుకు వెళ్లాల్సిన ఎలక్ట్రానిక్ రికార్డును కావాలని చెరిపేయడం భారతీయ న్యాయ సంహిత (బీఎన్ఎస్) సెక్షన్ 241 కింద విడిగా ఇంకో నేరం. డిలీట్ చేస్తే లాభపడేది ఆ స్నేహితుడే.

మీ తమ్ముడు ఇచ్చినదాన్ని పోలీసులు మ్యూల్ అకౌంట్ అంటారు. ఎక్కడో ఒకరిని డిజిటల్ అరెస్ట్ అని బెదిరించో, ట్రేడింగ్ లాభాలని ఆశపెట్టో లాగిన డబ్బు ముందు ఇలాంటి ఖాతాలో పడుతుంది. నిమిషాల్లో ముక్కలై మరికొన్ని ఖాతాలకు వెళ్లిపోతుంది. ఓటీపీలు వచ్చే సిమ్ కూడా వాళ్ల దగ్గరే ఉంటుంది కాబట్టి ఖాతాదారుకు ఏమీ తెలియదు. బాధితుడు సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయగానే ఆ డబ్బు వెళ్లిన దారి వెంట ఒక్కో ఖాతాను ఆపుకుంటూ వస్తారు. ఆ దారిలో దొరికే మొదటి పేరు, చిరునామా ఖాతాదారువే.

ఇక చట్టం సంగతి. ఇలాంటి కేసుల్లో సాధారణంగా బీఎన్ఎస్ 318(4), అంటే మోసం (ఏడేళ్ల వరకు జైలు), ఐటీ చట్టం 66డి, అంటే కంప్యూటర్, ఫోన్ ద్వారా వేరొకరిలా నటించి మోసగించడం (మూడేళ్ల వరకు) పెడతారు. నేరం ద్వారా వచ్చిన సొమ్మని తెలిసి, లేదా అలా నమ్మడానికి కారణం ఉండి కూడా తీసుకుంటే బీఎన్ఎస్ సెక్షన్ 317 వర్తించవచ్చు. అసలు చిక్కంతా ఆ ‘నమ్మడానికి కారణం ఉండి’ అన్న దగ్గరే ఉంది. ఏ పనీ చేయకుండా నెలకు ఐదు వేలు ఎందుకిస్తున్నారని అనుమానం రాలేదా అని తప్పకుండా అడుగుతారు. దీనికి మీ తమ్ముడు అబద్ధం చెప్పకూడదు. వాడికి ఏం చెప్పారు, అనుమానం ఎప్పుడు వచ్చింది, వచ్చాక ఏం చేశాడు, తేదీలతో సహా ఈ రోజే రాసి పెట్టుకోమనండి. నా అభిప్రాయంలో నిజంగా తెలియక ఇరుక్కున్నవాడికి ముందుగా తానే వెళ్లి చెప్పుకోవడాన్ని మించిన డిఫెన్స్ లేదు.

నోటీసు విషయంలో రెండు జాగ్రత్తలు. విచారణకు రమ్మని పోలీసులు ఇచ్చే భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్, ఇకపై చెప్పే సెక్షన్లన్నీ దీనివే) సెక్షన్ 35 నోటీసులను వాట్సాప్‌లో పంపితే అందజేసినట్టు కాదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. అలాగని పక్కన పడేయకండి. అందులో ఉన్న నంబరుకు మాత్రం ఫోన్ చేయొద్దు. ఫిర్యాదు నంబరు, పోలీస్ స్టేషన్ పేరు, వివాదంలో ఉన్న మొత్తం ఎంతో చెప్పమని బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. ఆ స్టేషన్ నంబరును ఆ రాష్ట్ర పోలీసుల అధికారిక వెబ్‌సైట్‌లో చూసి నిర్ధారించుకోండి. ‘ఇంత పంపితే కేసు మూసేస్తాం, ఖాతా తెరిపిస్తాం’ అని ఎవరన్నా అది ఇంకో మోసమే. ఖాతా ఫ్రీజయిన వాళ్లను వెతికి మరీ ఇలా ఫోన్లు చేస్తున్నారు.

నోటీసు నిజమైనదైతే హాజరవ్వాలి. చెప్పినట్టు హాజరవుతూ సహకరిస్తున్నంత కాలం, కారణాలు రాసి నమోదు చేస్తే తప్ప అరెస్టు చేయకూడదని సెక్షన్ 35 చెబుతోంది. అయినా భయంగా ఉంటే సెక్షన్ 482 కింద ముందస్తు బెయిలుకు వెళ్లవచ్చు. కేసు వేరే రాష్ట్రంలో ఉన్నా, తగిన కారణం చూపితే మన దగ్గరి సెషన్స్ కోర్టు లేదా హైకోర్టు కొద్దికాలానికి ఆ రక్షణ ఇవ్వవచ్చని సుప్రీంకోర్టు 2023లో తీర్పునిచ్చింది.

ఖాతా గురించి: పోలీసులు సెక్షన్ 106 కింద ఖాతాను ఆపితే ఆ విషయం మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. అనుమానిత మొత్తం వరకే ఆపాలి తప్ప ఖాతా అంతటినీ కాదని కేరళ హైకోర్టు 2023లో చెప్పింది. మన హైకోర్టుకు అది కట్టుబాటు కాకపోయినా వాదనలో బాగా పనికొస్తుంది. స్టేట్‌మెంట్‌లో స్కాలర్‌షిప్ జమ అయిన ఎంట్రీలు గుర్తుపెట్టి, ఆ సొమ్ము విడుదల చేయమని సంబంధిత మేజిస్ట్రేటు ముందు సెక్షన్ 503 కింద పిటిషన్ వేయండి. తీసుకున్న కమీషన్‌ను మాత్రం వదులుకోవాలి. ‘పోగొట్టుకున్నది నేనే, నాకు పంపేయండి’ అని ఎవరు ఫోన్ చేసినా నేరుగా పంపొద్దు. కోర్టులో జమ చేస్తామని లాయరు ద్వారా రాతపూర్వకంగా చెప్పండి.

ఈలోగా ఆ సిమ్‌ను బ్లాక్ చేయించండి. తమ్ముడి పేరుతో ఇంకెన్ని నంబర్లు ఉన్నాయో సంచార్ సాథీ పోర్టల్‌లో చూడండి. కార్డు, సిమ్‌తో పాటు ఆధార్, పాన్ కాపీలు కూడా ఇచ్చాడేమో అడగండి. ఇచ్చి ఉంటే వాటితో వేరే ఖాతాలు తెరిచే అవకాశం ఉంది, ఆ మాట ఫిర్యాదులో రాయాలి. స్నేహితుడి మీద ఫిర్యాదు మీ ఊరి స్టేషన్‌లోనే ఇవ్వవచ్చు. తమ పరిధి కాదని తిప్పి పంపకూడదు, సెక్షన్ 173 ప్రకారం జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి.

నాన్నగారికి ఈ రాత్రే చెప్పండి. పోలీసులు ఇంటికి వచ్చి చెబితే ఆయన తట్టుకోవడం కష్టం. లాయరు ఫీజు భారమైతే 15100కు ఫోన్ చేయండి, అర్హత ఉంటే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఖాతా తెరిచిన రోజు నుంచి స్టేట్‌మెంట్, చాటింగ్ స్క్రీన్‌షాట్లు, నోటీసు కాపీ, కాలేజీ గుర్తింపు కార్డు వెంట తీసుకెళ్లండి. ఫోన్ కూడా ఉన్నది ఉన్నట్టుగా, రీసెట్ చేయకుండా తీసుకెళ్లాలి.