తెలుగు బోర్డుకు లావుగా, వాలుగా ఉండే అక్షరాలు ఎలా వేయించాలి?

రావులపాలెంలో హోటల్ పెడుతున్నామని, బోర్డు మీద ఇంగ్లీషు పేరు బోల్డ్ ఇటాలిక్‌లో బాగా వచ్చిందని, తెలుగుకు అదే బటన్ నొక్కితే వికారంగా ఉందని రాశారు. అమలాపురంలో పదిహేనేళ్లుగా బోర్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేస్తున్నాను. ఇది నేను రోజూ పడే ఇబ్బందే.

తెలుగు డిస్‌ప్లే ఫాంట్లలో, అంటే బోర్డులకు, శీర్షికలకు వాడే పెద్ద అక్షరాల ఫాంట్లలో, చాలావాటికి ఇటాలిక్ ఉండదు. ఉదాహరణకు రామభద్ర ఒకే రూపంలో దొరుకుతుంది. ఇటాలిక్ నొక్కితే సాఫ్ట్‌వేర్ ఉన్న అక్షరాన్నే పక్కకు తోసేస్తుంది. ఇంగ్లీషు ఇటాలిక్ చేతిరాత నుంచి పుట్టి, 1501 నాటికే వెనిస్‌లో పుస్తకాల అచ్చుకెక్కింది. దాన్ని విడిగా గీస్తారు. మన అచ్చులో ఆ అలవాటు లేదు.

తోసినప్పుడు ముందు దెబ్బతినేది ఒత్తులు. 15 డిగ్రీలు వాల్చారనుకోండి. అక్షరాలు కూర్చునే గీతకు ఒక అడుగు (12 అంగుళాలు) కిందున్న ఒత్తు మూడంగుళాల పైనే ఎడమకు జరిగిపోతుంది. ‘అన్న’లో నావత్తు ‘అ’ కిందకు పోయినట్టు కనిపిస్తుంది. తలకట్టు మామూలుగానే కుడివైపుకు లేచి ఉంటుంది కదా, ఇంకా వాల్చితే పడుకున్నట్టు అయిపోతుంది.

లావు చేస్తే ఇంకో ప్రమాదం. ‘ప’కు తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’కు అంటుకుని ఉంటుంది. రెంటికీ తేడా ఆ సందే. నాలుగేళ్ల క్రితం ఒక హోటల్‌కు ‘పనసకాయ పలావు’ అని పదడుగుల ఫ్లెక్సీ నేనే చేశాను. సిస్టమ్ మీద బాగానే ఉంది. కట్టాక రోడ్డు అవతల నుంచి చూస్తే సందు పూడిపోయి ‘వనసకాయ వలావు’ అని ఉంది! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు నా ఖర్చుతో మళ్లీ వేసిచ్చాను. అప్పటి నుంచి ప, ఫ, ష, స, హ వస్తే ఆ సందును అక్షరం గీత మందంలో మూడో వంతుకు తగ్గనివ్వను.

వాలు ఎలా వేయాలో నాకు నేర్పింది మా మావయ్య. అంబాజీపేటలో కొబ్బరికాయల లారీల మీద పేర్లు రాసేవాడు. ఆయన రాసిన పేరు ముందుకు ఉరుకుతున్నట్టే ఉండేది, కానీ ఒత్తు మాత్రం తన అక్షరం కిందే ఉండేది. అక్షరం ఒళ్లు వాల్చి, ఒత్తును సన్నని బ్రష్‌తో విడిగా వేసేవాడు. కోరెల్ డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో నేనూ అదే చేస్తాను. టెక్స్ట్‌ను కర్వ్స్‌లోకి, అంటే విడివిడిగా కదపగల గీతల్లోకి మార్చి, ఏడెనిమిది డిగ్రీలు మించకుండా వాల్చి, ఒత్తుల్ని కుడికి జరిపి కాస్త సన్నం చేస్తాను. గుండ్రటి అక్షరాలు వాలితే కోడిగుడ్డులా సాగుతాయి, వాటిని నోడ్లు, అంటే గీత మీద లాగడానికి ఉండే చుక్కలు, పట్టుకుని సరిచేయాలి. పూటంతా పడుతుంది, మీ డిజైనర్‌ను తొందరపెట్టకండి.

అలాగే, పేరు ఒక్కదానికే ఈ అక్షరాలు వాడండి. ఐటమ్స్, ఫోన్ నంబరు నిలువు అక్షరాల్లో ఉంచండి. హైవే మీద బస్సులో వెళ్లేవాళ్లకు చదివే టైమ్ ఉండదు. ప్రింట్‌కు ఇచ్చే ముందు డిజైన్‌ను ఫోన్‌లో బొటనవేలి గోరంత చేసి, విషయం తెలియనివాళ్ల చేత చదివించండి.

మీ హోటల్ పేరు కింద రాయండి. ఏ ఒత్తు ఎంత జరపాలో గీసి పెడతాను.