నీటిలో పెంచే టమాటా కాడ గట్టిపడాలంటే

ప్రశ్న: మా ఫ్లాటులో కిటికీ పక్కన హైడ్రోపోనిక్స్ (మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీటిలో పెంచే) పద్ధతిలో టమాటా నారు పెంచుతున్నాను. మొక్కలు జానెడు ఎత్తు పెరిగాయి కానీ, కాడలు దారంలా సన్నగా ఉండి ఒరిగిపోతున్నాయి. పోషక ద్రావణం మోతాదు పెంచమంటారా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పెంచవద్దు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మొక్కలకు తక్కువైనది వెలుతురు. కిటికీ వెలుగు మన కంటికి ధారాళంగానే కనిపించినా టమాటాకు చాలదు కాబట్టి, కాడ వెలుతురును వెతుక్కుంటూ కణుపుల మధ్య సాగిపోతుంది. ఎల్‌ఈడీ గ్రో లైటును (మొక్కల పెంపకానికి వాడే దీపాన్ని) తయారీదారు సూచించిన ఎత్తులో అమర్చి, రోజుకు 14 నుంచి 16 గంటలు వెలిగించి, మిగిలిన సమయం తప్పనిసరిగా చీకటిలో ఉంచండి. ఆకులు మెల్లగా కదిలేంత వేగంతో చిన్న ఫ్యాను తిప్పితే, ఆ కదలికకు కాడ లావెక్కుతుంది. ఫ్యాను లేనివారు రోజూ అరచేతితో చిగుళ్లను నిమిరినా కొంత ఫలితం ఉంటుంది. వినడానికి వింతగా ఉన్నా ఇది పనిచేసే ఉపాయమే.

ద్రావణం పీహెచ్ (ఆమ్ల-క్షార స్థాయి) 5.5–6.5 మధ్య ఉండాలి, నారు దశలో పోషకాలను పలుచగానే కలపాలి. మన వేసవిలో తొట్టి నీరు వేడెక్కితే అందులో ఆక్సిజన్ తగ్గి, తెల్లని వేళ్లు గోధుమరంగుకు తిరిగి కుళ్లుతాయి కనుక నీటిలోకి గాలి ఊదే ఎయిర్ పంపు ఆపకండి. ఇప్పటికే సాగిన కాడలు మళ్లీ పొట్టివి కావు; వాటిని పురికొసతో వదులుగా పైకి కట్టండి. పూత వచ్చాక, ఇంట్లోకి తేనెటీగలు రావు కాబట్టి, పుప్పొడి రాలి కాయ కట్టేలా పూగుత్తులను వేలితో మెల్లగా తట్టండి.