రెల్లులోంచి లేచిన గూబను గుర్తుపట్టడం

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. రెల్లు, ఆకాశం, మధ్యలో ఒక గోధుమరంగు మరక. దాన్నిబట్టి ఏ గూబో చెప్పమంటే ఎలా రా? సీతానగరం కరకట్ట మీంచి చూశానన్నావుగా, అది ఎలా లేచింది, ఎంత దూరం పోయి వాలింది? ముందు అది రాయి.

గడ్డిలో ఉండే గూబలు మొహం చూపించవు, వీపు చూపించి పోతాయి. అందుకే కళ్ల సంగతి తర్వాత, మొదట రెక్కలూ కాళ్లూ చూడు. తేల్చుకోవాల్సింది ముఖ్యంగా రెండింటి మధ్యే.

పొట్టిచెవుల గుడ్లగూబ చలికాలపు చుట్టం. ఉత్తరాన చలిదేశాల నుంచి వస్తుంది, ఎండలు ముదరకముందే వెళ్లిపోతుంది. రోహిణి కార్తెలో చూశానంటే నేను నమ్మను. పొద్దు ఉండగానే వేటకు లేస్తుంది. రెక్కలు పొడుగు, ఊపు తీరిక. రెక్క అడుగు పాలిపోయి ఉంటుంది, మడత దగ్గర నల్లటి మచ్చ, కొసలు నలుపు. ఆ మచ్చ దొరికితే సగం పని అయినట్టే. వాలితే పసుపు కళ్లు, వాటి చుట్టూ నలుపు, రొమ్ము మీద నిలువు చారలు. చెవులంటావా, పేరుకే. చాలాసార్లు అసలు కనపడవు.

గడ్డి గుడ్లగూబ ఏడాదంతా మన దేశంలోనే ఉంటుంది. నల్ల కళ్లు, తమలపాకు లాంటి తెల్లటి మొహం. గుళ్లలో, పాత మేడల్లో ఉండేదానికీ అదే మొహం, అక్కడే అందరూ తికమకపడతారు. గుళ్లో దాని వీపు లేత బంగారు బూడిదరంగు, దీని వీపు ముదురు గోధుమరంగు. ఎగిరేటప్పుడు దీని కాళ్లు తోక దాటి బాగా వెనక్కి వేలాడతాయి. దాదాపు తొక్కేదాకా కదలదు, లేచినా కొద్ది దూరంలోనే మళ్లీ గడ్డిలో పడుతుంది. అలాగని లేపడానికి దుబ్బుల్లోకి దిగకు. అది నేలమీదే, అందులోనూ చలికాలంలోనే గుడ్లు పెడుతుంది. పైగా అక్కడ రక్తపింజర్లుంటాయి, మీ అమ్మకు నేను జవాబు చెప్పుకోలేను.

సాయంత్రం అదే గడ్డి మీద అదే ఎత్తులో హారియర్ గద్దలూ తిరుగుతాయి. వాటి తల చిన్నది, తోక పొడుగు. గూబకు మెడ ఉన్నట్టే ఉండదు, గుండ్రటి తల నేరుగా భుజాల మీద కూర్చున్నట్టుంటుంది. కొండరాళ్ల మీద నిక్కపొడుచుకున్న చెవులతో, నారింజ కళ్లతో కనిపించే భారీ గూబ వేరే, దాన్ని వీటితో కలపకు.

పొద్దుగూకడానికి గంట ముందు, ఎండ నీ వీపున పడేలా గట్టు మీద నిలబడు. చూసింది చూసినట్టు రాసుకున్నాకే పుస్తకం తెరువు. బొమ్మ ముందు చూస్తే లేని మచ్చలు కూడా కనిపిస్తాయి.

ఇంకోటి. ఫొటో ఎక్కడ పెట్టినా ఊరి పేరు, మ్యాప్ గుర్తు తీసెయ్. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరమైనా, దీపావళి వచ్చిందంటే క్షుద్రపూజలకని గూబల్ని పట్టి అమ్మేవాళ్లుంటారు.

వచ్చే ఆదివారం నేనూ వస్తాను. బైనాక్యులర్స్ నీవే తీసుకురా, నా వాటి అద్దానికి బూజు పట్టింది.

మామయ్య