రక్తంలోని మందును కాంతితో కొలవవచ్చునా?

మీ ప్రశ్నలు – మా జవాబులు

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్ళు. రక్త క్యాన్సర్ చికిత్సలో భాగంగా ఎక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ ఎక్కిస్తున్నారు. ఎక్కించిన ప్రతిసారీ రెండు మూడు రోజులు వరుసగా రక్తం తీసి ‘ఎంటీఎక్స్ లెవెల్’ (రక్తంలో మెథోట్రెక్సేట్ ఎంత ఉందో) చూస్తారు; ఆ అంకె తగ్గేదాకా ఇంటికి పంపరు. తిరుపతిలో బి.ఫార్మసీ చదువుతున్న మా అన్న కొడుకు, ఇదే మందును తమ కాలేజీ ల్యాబులో యూవీ యంత్రంతో పది నిమిషాల్లో కొలుస్తామంటున్నాడు. అలాంటప్పుడు ఈ పరీక్షను చిత్తూరులోనే ఏదో ఒక ల్యాబులో తక్కువ ఖర్చుతో చేయించుకుని ఇంటి దగ్గర ఉండకూడదా?
– ఒక తల్లి, చిత్తూరు

జవాబు: మీ అన్నగారి అబ్బాయి చెప్పింది నిజమే. అయితే అతను కొలిచేది మాత్రలోని మందును, ఆసుపత్రివారు కొలిచేది రక్తంలోని మందును.

మెథోట్రెక్సేట్ ద్రావణం పసుపు రంగులో ఉండటం మీరు చూసే ఉంటారు. ఊదా, నీలం అంచున ఉన్న కాంతిని కొంత పీల్చుకోవడం వల్లనే దానికి ఆ రంగు వచ్చింది. కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిలో, 303 నానోమీటర్ల దగ్గర, ఇంకా బలంగా పీల్చుకుంటుంది. ఒక సెంటీమీటరు వెడల్పున్న క్వార్ట్జ్ గిన్నెలో ద్రావణం పోసి, ఒక పక్క నుంచి ఆ కాంతిని పంపి, అవతలికి ఎంత చేరిందో చూస్తే మందు గాఢత తెలిసిపోతుంది. మామూలు గాజు ఆ కాంతిని తానే మింగేస్తుంది కనుక గిన్నె క్వార్ట్జ్‌ది కావాలి. శోషణ, అంటే కాంతిని పీల్చుకోవడం, గాఢతకు అనులోమంగా ఉంటుందని 1852లో జర్మన్ శాస్త్రవేత్త బీర్ చూపాడు; ఫార్మసీ విద్యార్థులు చదివే బీర్–లాంబర్ట్ నియమంలో సగం అదే.

కాలేజీలో మాత్రను పొడి చేసి, కరిగించి, మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల ప్రాంతంలో ద్రావణం తయారు చేసుకుంటారు. అప్పుడు యంత్రం చూపే శోషణ విలువ అర దాకా వస్తుంది; అది నమ్మదగిన కొలత. మీ అబ్బాయి విషయంలో వైద్యులు ఎదురుచూసే అంకె 0.1 మైక్రోమోలార్ (అణువుల లెక్కన గాఢతను చెప్పే కొలమానం), కొన్ని చికిత్సా ప్రణాళికల్లో 0.2. మొదటి అంకెను బరువులోకి మారిస్తే లీటరు ప్లాస్మాలో (రక్తంలో కణాలు తీసేయగా మిగిలే ద్రవంలో) 45 మైక్రోగ్రాములు, అంటే కాలేజీ ద్రావణం కంటే రెండు వందల రెట్లకు పైగా పలుచన. అంత కొద్ది మందు గుండా పంపిన కాంతిలో వెయ్యి పాళ్ళకు సుమారు ఐదు పాళ్ళు మాత్రమే తగ్గుతుంది. శుద్ధమైన నీటిలోనే ఆ తేడాను పట్టుకోవడం కష్టం. ప్లాస్మాలోనైతే లీటరుకు 70 గ్రాముల ప్రోటీన్లు, బిలిరుబిన్, ఎర్ర కణాలు చిట్లితే బయటికొచ్చే హిమోగ్లోబిన్, అన్నీ తమ వంతు కాంతిని పీల్చుకుంటూనే ఉంటాయి. పంచమీ తీర్థం నాడు తిరుచానూరు పుష్కరిణి గట్టున నిలబడి, ఆ గోవిందనామాల మధ్య ఒక్క మనిషి గొంతు ఎంత బిగ్గరగా ఉందో కొలవబోవడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. పైగా మెథోట్రెక్సేట్ విషప్రభావం నుంచి ఆరోగ్యవంతమైన కణాలను కాపాడేందుకు ఇచ్చే ల్యూకోవోరిన్ కూడా అతినీలలోహిత కాంతిని పీల్చుకునేదే. యంత్రానికి కాంతి తగ్గిందన్న సంగతే తెలుస్తుంది, ఎవరు తగ్గించారో తెలియదు.

అందుకే ఆసుపత్రుల్లో రెండు దారులు పట్టారు. ఒకటి హెచ్‌పీఎల్‌సీ: ప్లాస్మాలోని ప్రోటీన్లను తొలగించి, మిగిలిన ద్రవాన్ని ఒక సన్నని గొట్టం గుండా ఒత్తిడితో పంపి, పదార్థాలను ఒకదాని వెనుక ఒకటి వేరుపరచి, మందు బయటికి వచ్చే నిమిషంలో దాని శోషణను కొలవడం. రెండవది యాంటీబాడీలతో చేసే పరీక్ష. నాకు ఇందులో ముచ్చట గొలిపే సంగతి ఏమిటంటే, ఈ రెండవ దారిలోని ఒక ప్రసిద్ధ పద్ధతి కూడా చివరికి కాంతి శోషణనే చూస్తుంది, కానీ మందుది కాదు. ఒక ఎంజైముకు మెథోట్రెక్సేట్‌ను అతికించి యాంటీబాడీతో కలిపి ఉంచుతారు. రోగి రక్తంలోని మందు ఆ యాంటీబాడీని ఆక్రమించుకున్న కొద్దీ ఎంజైము స్వేచ్ఛ పొంది ఎన్ఏడీహెచ్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. అది 340 నానోమీటర్ల కాంతిని పీల్చుకుంటుంది. ఒక్క మందు అణువు విడిపించిన ఎంజైము ఎన్నో ఎన్ఏడీహెచ్ అణువులను పుట్టిస్తుంది కనుక, నేరుగా చూస్తే కనబడనంత చిన్న గాఢత కూడా ఇలా బయటపడుతుంది.

ఈ పరీక్ష చేసే ల్యాబు చిత్తూరులో దొరికినా ఇంటికి వెళ్ళిపోవడం మాత్రం మంచిది కాదు. ఆ రోజుల్లో ఆసుపత్రిలో జరిగేది రక్తపరీక్ష ఒక్కటే కాదు. మందు మూత్రపిండాల్లో గడ్డకట్టకుండా సెలైన్, మూత్రం క్షారంగా ఉండేందుకు సోడియం బైకార్బొనేట్ ఎక్కిస్తారు. అంకెను బట్టి ల్యూకోవోరిన్ మోతాదు గంటల్లోనే మార్చవలసి రావచ్చు. చాలా పద్ధతుల్లో 48వ గంటకు స్థాయి 1 మైక్రోమోలార్ దాటి ఉంటే మోతాదు పెంచుతారు. గంట తెలియని అంకెకు అర్థం లేదు కాబట్టి రక్తం తీసిన సమయాన్ని మీరూ ఒక పుస్తకంలో రాసుకోండి. మందు ఎక్కించిన గొట్టం నుంచే రక్తం తీస్తే అంకె దొంగగా పెరుగుతుంది. వేరే చోట నుంచి తీస్తున్నారేమో నర్సుగారిని నిస్సంకోచంగా అడగండి.

ప్రశ్న: ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకు ప్లాస్మాలో 5-ఫ్లోరోయురాసిల్‌ను గానీ డాక్సోరుబిసిన్‌ను గానీ యూవీ–విజిబుల్ పద్ధతిలో కొలవాలనుకుంటున్నాను. ఏది నయం?
– ఒక విద్యార్థి, తిరుపతి

జవాబు: మొదటిది వద్దు. అది 266 నానోమీటర్ల దగ్గర పీల్చుకుంటుంది. ప్రోటీన్లు, న్యూక్లియిక్ ఆమ్లాలు, యూరిక్ ఆమ్లం అన్నీ ఆ చుట్టుపక్కలే ఉంటాయి. రక్తంలో దాని అర్ధాయువు 10 నుంచి 20 నిమిషాలే. తీసిన రక్తంలో కూడా ఎంజైములు దాన్ని విరగ్గొడుతూనే ఉంటాయి గనుక మంచులో పెట్టి వెంటనే ప్లాస్మా వేరు చేయాలి. డాక్సోరుబిసిన్ ఎర్రనిది, 480 నానోమీటర్ల దగ్గర కొలవవచ్చు. అక్కడ అడ్డం తక్కువే. కానీ రక్తంలో దాని స్థాయి త్వరగా పడిపోతుంది కాబట్టి శోషణ కంటే, అదే కాంతిని ఇచ్చి అది తిరిగి వెలువరించే 590 నానోమీటర్ల ప్రాంతపు ప్రతిదీప్తిని కొలిస్తే సూక్ష్మత ఎక్కువ. నేరు శోషణ పద్ధతి మీదే మీకు మనసుంటే ప్లాస్మాను వదలి, ఫార్మసీలో కలిపిన సెలైన్ సంచిలో రాసిన మోతాదే ఉందా లేదా అన్నది అంశంగా తీసుకోండి. అక్కడ గాఢత మిల్లీగ్రాముల్లో ఉంటుంది, అడ్డుపడే పదార్థాలు దాదాపు ఉండవు, రోగికి చేరకముందే పొరపాటు దొరుకుతుంది. గైడుగారికి ఇది చిన్న పనిలా కనిపించవచ్చు; నా దృష్టిలో ప్లాస్మాలో గాఢతకూ శోషణకూ అందమైన సరళరేఖ గీయడం కంటే ఇదే ఉపయోగకరం.

ప్రశ్న: కీళ్ళవాతానికి వారానికి 15 మిల్లీగ్రాముల మెథోట్రెక్సేట్ వేసుకుంటున్నాను. నేనూ లెవెల్ పరీక్ష చేయించుకోవాలా?
– ఒక పాఠకుడు, చంద్రగిరి

జవాబు: అక్కరలేదు. ఇంత తక్కువ మోతాదులో రక్తంలోని స్థాయి చికిత్సకు దారి చూపదు. రక్తకణాల లెక్క, కాలేయ పరీక్షలు, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ మీ వైద్యులు చెప్పిన వ్యవధిలో చేయించుకుంటే చాలు. మాత్ర వారానికి ఒక్క రోజే అన్న సంగతి ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి; రోజూ వేసుకోవడం వల్ల ప్రాణాపాయం కలుగుతుంది. జ్వరానికో మూత్రంలో మంటకో ఎవరైనా కోట్రైమాక్సజోల్ అనే యాంటీబయోటిక్ రాస్తే, ఈ మందు వాడుతున్నానని ముందుగానే చెప్పండి.