ఆఫీసు, పిల్లలు, వాటి మధ్య గిటార్: రోజుకు పావుగంటతో వస్తుందా?

నలభైకి దగ్గరపడ్డాను, ఆఫీసు, పిల్లల పనులు అయ్యేసరికి పావుగంట మిగిలితే గొప్ప, ఇంట్లోనే గిటార్ నేర్చుకోవడం అయ్యే పనేనా అని అడిగారు. అవుతుంది. నేను మొదలుపెట్టింది కూడా ఆ వయసులోనే, ఇంట్లో చంటిపిల్ల ఉన్న రోజుల్లో. ఇప్పుడు నచ్చిన పాటలకు కార్డ్స్ (కొన్ని తీగలు నొక్కిపట్టి ఒకేసారి మోగించే స్వరాలు) వాయించుకుంటూ హాయిగా పాడుకోగలుగుతున్నాను. నేను కోరుకున్నదీ అదే.

పావుగంట తక్కువేమీ కాదు. వేళ్లకు అలవాటు కావలసిన పని రోజూ కాస్త కాస్త చేస్తేనే నిలుస్తుంది. ఆదివారం ఒక్కసారే రెండు గంటలు కూర్చుంటే వేలికొనలు మండిపోయి, మర్నాడు గిటార్ ముట్టుకోబుద్ధి కాదు. మళ్లీ ఆదివారం వచ్చేసరికి నేర్చుకున్నది చాలావరకు జారిపోతుంది.

అయితే ముందు మీ గిటార్ సంగతి చూడండి. పెద్దవాళ్లు మధ్యలో మానేయడానికి టైమ్ లేకపోవడం ఎంత కారణమో, తీగలు మరీ ఎత్తుగా ఉండటమూ అంతే కారణమని నా నమ్మకం. 12వ ఫ్రెట్ (గిటార్ మెడ మీద అడ్డంగా ఉండే కమ్మీ) దగ్గర స్కేలు పెట్టి, అన్నిటికంటే లావైన ఆరో తీగ అడుగుకూ ఫ్రెట్‌కూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలవండి. స్టీల్ తీగల అకౌస్టిక్ గిటార్‌కు 2.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే ఫరవాలేదు. 3 దాటిందంటే మాత్రం గిటార్లు బాగుచేసేవాళ్ల చేత సెటప్, అంటే తీగల ఎత్తు సరిచేయడం, చేయించండి. స్టీల్ తీగలైతే 12 సెట్ (ఈ అంకె తీగల మందాన్ని చెబుతుంది) తీసి, ఎక్స్‌ట్రా లైట్ అని అమ్మే 10 సెట్ వేయించుకోండి. ఈ రెండూ చేయించాక నా గిటార్ చేతికి ఎంత తేలికైందో చెప్పలేను. వేలికొనల నొప్పి కొన్ని వారాల్లో చర్మం గట్టిపడగానే పోతుంది, దానికి భయపడకండి.

గిటార్‌ను సంచిలో పెట్టి బీరువా మీదికి ఎక్కించవద్దు. కంటికి ఎదురుగా స్టాండ్ మీద ఉంచండి. జిప్ తీసి, ట్యూన్ చేసుకునేలోపే ఉన్న ఓపిక అయిపోతుంది. గిటార్ తలకు తగిలించే క్లిప్ ట్యూనర్ ఒకటి ఎప్పుడూ గిటార్‌కే ఉండనివ్వండి.

ఇక అసలు విషయం. కార్డ్ పట్టుకోవడం రెండు మూడు రోజుల్లో వచ్చేస్తుంది. ఒక కార్డ్ నుంచి ఇంకో కార్డ్‌కు తాళం తప్పకుండా మారడమే కష్టం. అందుకే పావుగంటలో పది నిమిషాలు దానికే ఇవ్వండి, అదీ ఒకేఒక్క జతకు. ఏ జత అనేది కూర్చోకముందే అనుకోవాలి.

ఎ మైనర్, సి జతతో మొదలుపెట్టండి. ఎ మైనర్‌లో చూపుడు వేలు రెండో తీగ మీద ఒకటో ఫ్రెట్‌లో (అంటే ఆ కమ్మీకి తల వైపున్న గడిలో), మధ్య వేలు నాలుగో తీగ మీద రెండో ఫ్రెట్‌లో, ఉంగరపు వేలు మూడో తీగ మీద అదే రెండో ఫ్రెట్‌లో ఉంటాయి. సి కావాలంటే మొదటి రెండు వేళ్లూ ఉన్నచోటే ఉంటాయి. ఉంగరపు వేలు ఒక్కటే లేచి ఐదో తీగ మీద మూడో ఫ్రెట్‌కు వెళ్తుంది. కదలనవసరం లేని వేళ్లను ఎత్తకపోవడమే ఇందులో నేర్చుకోవలసింది. తర్వాత ఇ మేజర్. ఎ మైనర్ పట్టిన ఆకారాన్నే అలాగే లావు తీగల వైపు ఒక్క తీగ జరిపితే ఇ మేజర్ అవుతుంది. తాళం దెబ్బలు వినిపించే మెట్రోనోమ్‌ను నిమిషానికి 60 మీద పెట్టి, నాలుగు దెబ్బలకోసారి మారండి. తడబడితే 50కి తగ్గించండి, వేగం దానంతటదే వస్తుంది.

పిల్లలు పడుకున్నాక వాయిస్తే లేస్తారని టెన్షనా? కుడిచేతిని పక్కన పెట్టేయండి. చప్పుడు లేకుండా ఎడమచేత్తో కార్డ్‌లు మారుస్తూ ఉండండి. వేలిని ఫ్రెట్ కమ్మీకి దాదాపు ఆనుకునేలా పెడితే తక్కువ బలంతోనే నోటు శుభ్రంగా మోగుతుందని నాకు ఈ అలవాటుతోనే బాగా తెలిసొచ్చింది. స్ట్రమ్మింగ్ (కుడిచేత్తో తీగలన్నీ మీటడం) కూడా చేయాలనుంటే బ్రిడ్జ్ (గిటార్ బాడీ మీద తీగలు బిగించి ఉండే పట్టీ) దగ్గర తీగల కింద మడిచిన మెత్తటి గుడ్డ దూర్చండి.

ఎఫ్ కార్డ్ దగ్గర చాలామంది ఆగిపోతారు. ఆరు తీగలనూ ఒకే వేలితో నొక్కే బార్ కార్డ్ ఇప్పుడే అక్కర్లేదు. చూపుడు వేలితో ఒకటి, రెండు తీగలను ఒకటో ఫ్రెట్‌లో, మధ్య వేలితో మూడో తీగను రెండో ఫ్రెట్‌లో, ఉంగరపు వేలితో నాలుగో తీగను మూడో ఫ్రెట్‌లో నొక్కి, ఆ నాలుగే వాయించండి. పాటకు సరిపోతుంది.

మిగిలిన ఐదు నిమిషాలూ పాటకే. రెండు మూడు కార్డ్‌ల పాటైనా సరే, మొదటి వారం నుంచే వాయించండి. నెలకోసారైనా వచ్చినవాళ్లెవరికైనా మీ ఎడమ మణికట్టు చూపించండి, ఎందుకంటే అది బాగా వంగిపోతే మనంతట మనకు తెలియదు. మణికట్టు నొప్పెడితే ఆ రోజుకు ఆపేయాలి, వేలికొనల నొప్పిలా దాన్ని ఓర్చుకోకూడదు.

మీది స్టీల్ తీగల గిటారా, నైలానా, 12వ ఫ్రెట్ దగ్గర ఎత్తు ఎంత వచ్చిందో రాయండి. దాన్నిబట్టి ఏ తీగలు వేసుకోవాలో చెప్తాను.